వంతెన మీద ఎనిమిది వందల మూటలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అనేది. ముక్కు మీదుంటే ఎప్పుడో ఒక తుమ్ముతో పోయేది. నాది నాలుక చివర ఉండేది. ఆలోచన రాకముందే మాట వచ్చేసేది. ఇరవై మూడేళ్ళ వయసులో నెత్తి మీద పసుపు టోపీ పెట్టుకుని, హరూరుకు అవతల ఒక వాగు మీద ఇనుప గర్డర్ల వంతెన కట్టే చోట సూపర్‌వైజరుగా నిలబడ్డప్పుడు, ఆ నాలుకనే నేను ధైర్యం అనుకునేదాన్ని.

ఎనభైలలో తమిళనాట మా ధర్మపురి జిల్లాలో ఆడ సూపర్‌వైజరు అంటే జనం బస్సు ఆపించుకుని మరీ దిగి చూసేవాళ్ళు. చూసి, "పాపం, పెళ్ళి కాలేదేమో" అనుకుంటూ మళ్ళీ ఎక్కేవాళ్ళు. సేలంలో సివిల్ డిప్లొమా చేశాను. చదువు తమిళంలో, బజారు తమిళంలో, కండక్టరుతో చిల్లర కోసం పోట్లాట తమిళంలో. ఇంట్లో మాత్రం తెలుగు. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు నాకు ముప్పై దాటాక, కర్నూలు వైపు పని మీద ఉన్నప్పుడు వచ్చాయి. కాబట్టి ఎక్కడైనా దీర్ఘం తప్పితే నన్ను కాదు, ఆ ఆలస్యాన్ని తిట్టండి.

మా కంట్రాక్టరు నన్ను ఆ పనికి వేసింది నా తెలివి చూసి కాదు, నా తెలుగు చూసి. ఆ పక్క ఊళ్ళలో కూలికి వచ్చే ఆడవాళ్ళందరూ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. రివెట్ల మేస్త్రీ కూడా అంతే. "వాళ్ళ భాష నీకు బాగా తెలుసు, పని బాగా జరుగుతుంది" అన్నాడు కంట్రాక్టరు. నేను తెగ పొంగిపోయాను. వాళ్ళు నోరు విప్పకముందే వాళ్ళ మనసు నాకు తెలిసిపోతుందన్నంత గొప్పగా ఉండేది అప్పట్లో నా నడక.

మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ఎడమ చెవి తమ్మె మీద ఎప్పటిదో నిప్పురవ్వ మచ్చ. నాకు మనసు బాగుంటే "తాతా" అని పిలిచేదాన్ని, కోపం వస్తే "మేస్త్రీ" అనేదాన్ని. ఆయన మాత్రం ఎప్పుడూ "పాపా" అనే అనేవాడు. ఆయన జట్టు ఆరుగురు. ఒకడు కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి పట్టకారుతో పైకి విసిరేవాడు. పరంజా మీద ఇంకొకడు దాన్ని రేకు డబ్బాలో పట్టి రంధ్రంలో దూర్చేవాడు. ఒకడు వెనక నుంచి ఇనుప దిమ్మె ఆనించి అదిమి పట్టుకుంటే, ఇద్దరు ఇవతలి నుంచి సమ్మెటలతో దాని తల గుండ్రంగా వచ్చేదాకా కొట్టేవాళ్ళు. చల్లారాక మేస్త్రీ చిన్న సుత్తితో ఒక్కో తలనూ తట్టి చెవి ఒగ్గి వినేవాడు. బిగువుగా ఉంటే 'టంగ్' మంటుంది. వదులుగా ఉంటే 'టప్' మంటుంది. టప్ మన్నదాన్ని కోసి పారేసి మళ్ళీ కొట్టించేవాడు, ఒకరు అడగాల్సిన పని లేదు.

ఆ వంతెనకు గర్డర్లు నాలుగు. మనిషి ఛాతీ దాకా వచ్చే ఎత్తు, పద్దెనిమిది మీటర్ల పొడవు ఉన్న ఇనుప దూలాలు. అంత పొడవు ముక్క తొప్పూరు ఘాట్ రోడ్డు మలుపుల్లో లారీ మీద రాలేదు. అందుకని ఒక్కోదాన్నీ రెండు సగాలుగా చేసి పంపారు. వాగు దగ్గర ఆ రెండు సగాలనూ ఎదురెదురుగా పెట్టి, అతుకు మీద రెండు పక్కలా ఇనుప పలకలు వేసి, పలకల్లోంచి గర్డరులోకి రివెట్లు కొట్టాలి. అవన్నీ తయారైన చోటే కలిపి పెట్టి రంధ్రాలు తొలిచి ఉంటారు గనుక, ఏ పలక ఎటు తిరిగి ఉండాలో సుత్తితో గుర్తు కొట్టి పంపుతారు. ఆ గుర్తు ప్రకారం పెడితే ఎవరైనా చెయ్యగలిగిన పని.

మా దగ్గరికి వచ్చేసరికి ఆ గుర్తుల మీద ఎవరో మహానుభావుడు ఎర్ర రంగు మందంగా పూసేశాడు. తుప్పు పట్టకూడదని పూసిన రంగే, మంచి మనసుతో పూసిందే. రెండో గర్డరు పలక అటుది ఇటు తిరిగింది. సగం రంధ్రాలు చక్కగా కలిశాయి, రివెట్లు కూడా పడ్డాయి. అప్పుడు చూస్తే చివర ఎనిమిది రంధ్రాలు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయి ఉన్నాయి.

మేస్త్రీ ఒంటి కన్ను మూసి రంధ్రంలోంచి చూసి, "పలక తిరగబడినాది పాపా. కొట్టిండే రివెట్లు కోసేసి, పలక తిప్పి పెట్టుకొంటే సరిపోతాది. ఒక దినం పని" అన్నాడు.

ఒక దినం! స్లాబు వెయ్యాలి, అది ఆరాలి, అక్టోబరులో మొదలయ్యే ఐప్పశి వానలకు వాగు వచ్చేలోపల బరువు పరీక్ష జరగాలి. కంట్రాక్టరు రోజూ కబురు పంపుతున్నాడు. నా నాలుక కదిలింది. "తిప్పడాలూ గిప్పడాలూ వద్దు మేస్త్రీ. రీమరుతో ఆ ఎనిమిదీ పెద్దవి చేసి, లావు రివెట్లు కొట్టెయ్యండి."

"కొట్టొచ్చు. తప్పు లేదు. కానీ దానికి పెద్ద ఇంజనీరు కాగితం రాసీయాల కదా. ఒక మాట అడిగేస్తే..."

"ఇక్కడ ఇంజనీరు నేనా, నువ్వా?"

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. ఆయన "సరి పాపా" అని రీమరు తెప్పించాడు. సాయంత్రానికి ఎనిమిది లావు రివెట్లు పడ్డాయి, ఎనిమిదీ 'టంగ్' మన్నాయి. నేను పెద్ద ఇంజనీరుకు చెప్పలేదు. మొదటి వారం చెబుదామనుకున్నాను. రెండో వారం, ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటాడు అనుకున్నాను. మూడో వారానికి అనుకోవడమే మానేశాను.

స్లాబు పడింది, ఆరింది. పరీక్ష రోజు వచ్చింది. లెక్క ప్రకారం వంతెన మీద నలభై టన్నుల బరువు పెట్టాలి. కింద పరంజా మీద, నాలుగు గర్డర్ల నడుముకూ నాలుగు గేజీలు ఆనించి పెడతారు. గడియారంలా ముల్లున్న పరికరం, గర్డరు వెంట్రుకంత కిందికి వంగినా చూపిస్తుంది. పన్నెండు మిల్లీమీటర్లు దాటి వంగకూడదని కాగితం మీద ఉంది. బరువు దేంతో పెట్టాలి? వాగు నిండా ఇసుక ఉండగా వేరే దానికి వెతకడం ఎందుకు. గోనె సంచిలో యాభై కిలోలు, అలాంటివి ఎనిమిది వందలు. సిమెంటు కలిపినప్పుడు ఎత్తే ఇనుప చట్టితో తలగొట్టి కొలిస్తే సరిగ్గా ఐదు కిలోల ఇసుక పడుతుందని నేనే తూకం వేసి చూశాను. అంటే సంచికి పది చట్లు.

రెండు రోజులపాటు ఆడవాళ్ళు నింపారు. వాళ్ళకు పెద్ద దిక్కుగా ఒక ముసలావిడ ఉండేది, అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. చట్టి ఆమె చేతిలో ఉంటే ఇంకెవరూ నోరెత్తకూడదు. ఆమె ఇసుక పోస్తూ సాగదీసి లెక్క పెడుతుంటే, సంచి మూతి పట్టుకున్న వాళ్ళు వంత పాడేవాళ్ళు. మా అమ్మ వాకిట్లో రాగులు కొలిచేటప్పటి గొంతే అది. నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. వేపచెట్టు నీడన కుర్చీ వేసుకుని, మజ్జిగ తాగుతూ, "పదీ" అని వినిపించినప్పుడల్లా నోటుబుక్కులో ఒక గీత గీసేదాన్ని. సుఖమైన ఉద్యోగం అంటే అదే.

పరీక్షకు ఊరు ఊరంతా వచ్చింది. వేరుశనగలు అమ్మేవాడు వచ్చాడు, సైకిలు మీద ఐసు అమ్మేవాడు వచ్చాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు వరసగా నిలబడి మూటలు చేతులు మార్చుకుంటూ వంతెన మీద పేర్చారు. పెద్ద ఇంజనీరు ధర్మపురి నుంచి జీపులో వచ్చాడు. తమిళాయన, మంచి మనిషే, కానీ మాట కత్తిరించినట్టు ఉంటుంది. మధ్యాహ్నానికి చివరి మూట పడింది. పరంజా మీది నుంచి గేజీలు చూసేవాడు అరిచాడు. "పదమూడు!"

"మళ్ళీ చూడు" అన్నాడు పెద్ద ఇంజనీరు.

"పదమూడే సార్."

ఐసు అమ్మేవాడు గంట కొట్టడం కూడా ఆపేశాడు. పెద్ద ఇంజనీరు చొక్కా చేతులు మడిచి తనే పరంజా ఎక్కాడు. ఒక్కో గర్డరే చూసుకుంటూ వెళ్ళి రెండోదాని దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఎనిమిది రివెట్ల తలలు పక్కవాటికన్నా లావుగా ఉన్నాయి. గుడ్డివాడికి కూడా చేతికి తగులుతాయి. కిందికి చూసి తమిళంలో అడిగాడు. "ఈ రంధ్రాలు ఎవరు పెద్దవి చేశారు? ఎవరిని అడిగి చేశారు?"

నేను నోరు తెరిచాను. ఊరందరి మీదా ఊరికే లేచే ఆ నాలుక అప్పుడు లేవలేదు. ఒట్టు, అంగుళం కూడా కదలలేదు. ఉద్యోగం పోతుంది, 'ఆడపిల్లను పెట్టుకుంటే ఇంతే' అంటారు, అమ్మకు ఏం చెప్పాలి, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో. నా వెనక నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"నేనే సామీ. నా పనే అది."

పెద్ద ఇంజనీరు కిందికి దిగి ఆయన్ను నాలుగు మాటలు అన్నాడు. మూటలు దించేసి ఆ అతుకు కోసి మళ్ళీ చెయ్యాలన్నాడు. ఈ మేస్త్రీ జట్టును ఇకమీద ఏ పనిలోనూ పెట్టకూడదని కాగితం రాస్తానన్నాడు. బొమ్మిడి పక్కన ఇంకో ఇనుప వంతెన పని మొదలవబోతోంది, అది మేస్త్రీకే అని మాట అయిపోయి ఉంది. ఆ కాగితం వెళితే అది పోయినట్టే. ఆరు ఇళ్ళ పొయ్యిలు ఆ పని మీద ఆధారపడి ఉన్నాయని నాకు తెలుసు. తెలిసే నేను టోపీ సర్దుకుంటూ నిలబడ్డాను. మేస్త్రీ నా వైపు చూడలేదు, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ సంగటి పెట్టి, పచ్చడి వేసి, "ఏమే, పచ్చడి మీద కూడా కోపమా?" అంది. ఏం లేదన్నాను. తినలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే మూటలు దించడం మొదలుపెట్టాం. నేను పరంజా ఎక్కి గేజీల దగ్గర కూర్చున్నాను, మేస్త్రీ ముఖం చూడక్కర్లేని చోటు అదొక్కటే. మూటలు దిగేకొద్దీ ముల్లు వెనక్కి జరుగుతోంది. పన్నెండు, పది, ఎనిమిది. చివరి మూట దిగాక ముల్లు సున్నా మీదికి వచ్చి నిలబడింది. సున్నా అంటే సున్నానే. పక్క గేజీ చూశాను, అదీ సున్నా. నాలుగూ సున్నా.

అప్పుడు బుర్ర పనిచేయడం మొదలైంది. అతుకులో రివెట్లు జారి ఉంటే గర్డరు మొత్తంగా వెనక్కి రాదు, కొంచెమైనా వంగే మిగులుతుంది. పైగా, తప్పు ఆ ఎనిమిది రివెట్లదే అయితే రెండో గర్డరు ఒక్కటే ఎక్కువ వంగాలి. నిన్నటి కాగితం తీసి చూశాను. నాలుగూ ఒకేలా వంగాయి, నాలుగూ లెక్క ప్రకారం వంగాల్సిన దానికంటే పదో వంతు ఎక్కువ! నిన్న ఎవరికీ ఆ సంగతి తట్టలేదు, పదమూడు అన్న మాట దగ్గరే అందరి కాళ్ళూ చల్లబడ్డాయి. వంతెన చెయ్యాల్సింది వంతెన చేసింది. తప్పు బరువులో ఉంది!

పరంజా దిగానో దూకానో గుర్తులేదు. ఊళ్ళో చింతపండు వ్యాపారి దగ్గర పెద్ద తక్కెడ ఉంటే మోయించుకు వచ్చాం. ఒక మూట పెట్టాం. యాభై ఐదు కిలోలు. ఇంకోటి. యాభై ఐదు. వాన పడి తడిసిందా అంటే పది రోజులుగా చినుకు లేదు. చట్టి తూచాను, ఐదు కిలోలే. సంచికి పది చట్లే కదా, నేను చెవులారా విని గీతలు గీశాను కదా!

"పెద్దమ్మా, ఒక సంచి నా ముందర నింపు" అన్నాను.

"ఎందుకమ్మా, మళ్ళీనా?"

"నింపు పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకులే, సంచి పట్టుకో" అని ఆమె మొదటి చట్టి నింపింది. కళ్ళకు అద్దుకుంది. సంచిలో పోస్తూ, "లాభం..." అంది. రెండో చట్టి ముంచి పోసింది. "ఒగటీ..."

నేను సంచి వదిలేశాను. "ఆగు! లాభం తర్వాత ఒకటా?"

"మరి ఇంకేమి?"

"లాభం తర్వాత రెండు కదా! లాభమే ఒకటి!"

పెద్దమ్మ చట్టి కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది. "లాభాన్ని ఎవరైనా లెక్కలో వేస్తారా? అది దేవుడిది. ముందర దేవుడికి పోసినాక మనిషికి ఒగటి. మీ ఇండ్లల్లో దేవుడి దాన్ని కూడా మీరే లెక్క పెట్టుకొంటారా ఏమి?"

"మా అమ్మ రాగులు కొలిచినా, అలసందలు కొలిచినా, లాభం, రెండు, మూడు అనే అంటుంది!"

"అయ్యయ్యో, అందుకే మీ ఊరోళ్ళు ఇంత ఎండిపోయినారు!" అంది పక్కన సంచి పట్టుకున్నావిడ. ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు.

నేను నవ్వలేదు, ఇసుకలో కూలబడిపోయాను. ఎనిమిది వందల సంచుల్లో ఎనిమిది వందల చట్లు దేవుడి వాటా. నాలుగు టన్నులు! రెండు రోజులు ఆ లెక్క నా చెవిలోనే పాడారు. లాభం అన్న మాట కూడా విన్నాను. విని, ఆహా మా ఇంటి మాట అని మురిసిపోయి మజ్జిగ తాగాను. ఒక తమిళ సూపర్‌వైజరు అక్కడ కూర్చుని ఉంటే ఆ మాట ఏమిటని మొదటి సంచికే అడిగి ఉండేవాడు. నాకు మాత్రం అడగాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే నాకు అన్నీ తెలుసు.

మేస్త్రీ కొలిమి దగ్గర నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. "అంటే దేవుడి వాటా కూడా మోసి, మళ్ళీ సున్నాకు వచ్చినాదా?" అని అడిగి, వంతెన వైపు తిరిగి, "భలే దానివే!" అన్నాడు. నిన్నటి నుంచి ఆయన మొహంలో మొదటిసారి వెలుగు చూశాను.

హరూరు పోస్టాఫీసుకు పరుగెత్తి ధర్మపురికి ఫోను చేశాను. మూడుసార్లు లైను తెగింది, మూడుసార్లూ నేను మొదటి నుంచి చెప్పాను. పోస్టుమాస్టరుకు కథంతా కంఠతా వచ్చేసింది. అటువైపు పెద్ద ఇంజనీరు నుంచి వినిపించింది దగ్గో నవ్వో తెలియలేదు. "ఎల్లుండి పొద్దున వస్తాను. అంతలోపల సరిచేసి పెట్టు" అన్నాడు. ఇసుక తప్పు నాది సార్, నేనే చూసుకోలేదు అని ధైర్యంగా చెప్పాను. అది చెప్పడం తేలికే, అందరికీ నవ్వొచ్చే తప్పు. రివెట్ల సంగతి నాలుక దాకా వచ్చింది. నాలుగోసారి లైను తెగుతుందేమోనని చూశాను, తెగలేదు. అయినా చెప్పలేదు. ఉంటాను సార్ అని పెట్టేశాను.

మర్నాడంతా సంచి సంచికీ ఒక చట్టి ఇసుక తీసేయాలి. అక్కడ మళ్ళీ గొడవ. లాభం వెనక్కి తీస్తే వంతెనకు మంచిది కాదని పెద్దమ్మ భీష్మించుకు కూర్చుంది. పోనీ సంచులన్నీ కుమ్మరించి కొత్తగా నింపుదామా అంటే నడుములు పడిపోతాయని మిగతావాళ్ళు. చివరకు నేనే ఒక దారి చెప్పాను. తీసేది లాభం చట్టి కాదు, అడుగున ఉన్న దాన్ని ఎవరూ తాకరు. పైనున్న పదో చట్టి తీద్దాం. లాభం లోపలే ఉంటుంది, మా ఇంటి పద్ధతిలో అదే ఒకటి అవుతుంది. పెద్దమ్మ ఒక సంచి మూతి విప్పి లోపలికి తొంగి చూసింది. "సరి. ఈ ఒక్కసారికి మీ అమ్మ లెక్క. అయినా మీ అమ్మను ఒకసారి చూడాల నేను" అంది. సాయంత్రానికి ఎనిమిది వందలూ మళ్ళీ వంతెన ఎక్కాయి, యాభై కిలోలకు ఒక్క పిడికెడు అటూ ఇటూ లేకుండా.

పొద్దున పెద్ద ఇంజనీరు జీపు దిగే వేళకు ఊరంతా మళ్ళీ అక్కడే ఉంది, ఈసారి పోస్టుమాస్టరు కూడా వచ్చాడు. ఆయన తనే పరంజా ఎక్కి నాలుగు గేజీలూ చూశాడు. పన్నెండుకు రెండు గీతలు ఇవతల, నాలుగూ. "పాస్" అన్నాడు. ఆ ఒక్క ముక్క అందరికీ అర్థమైంది. ఈలలు, కేకలు. పెద్దమ్మ ఎక్కడ దాచి తెచ్చిందో గుమ్మడికాయ పట్టుకుని వంతెన మొదట్లో పగలగొట్టేసింది. వేరుశనగలవాడు పెద్ద ఇంజనీరు జేబులో ఒక పొట్లం దూర్చాడు. ఆయన వద్దంటూనే తిన్నాడు.

తింటూనే జీపు బానెట్ మీద కాగితాలు పరిచి రాయడం మొదలుపెట్టాడు. మేస్త్రీని పిలిచాడు. "అతుకు కొయ్యక్కర్లేదు, ఉండనీ, బాగానే ఉంది. కానీ అనుమతి లేకుండా రంధ్రాలు పెద్దవి చేశావని రాయాలి. వంతెన నిలిచింది కదా అని అది తప్పు కాకుండా పోదు. నీ పేరు చెప్పు."

మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు.

"నేను సార్" అన్నాను.

పెద్ద ఇంజనీరు తలెత్తాడు. "నువ్వేంటి?"

"ఆ రంధ్రాలు పెద్దవి చెయ్యమంది నేను సార్. మేస్త్రీ తాత వద్దన్నాడు. పలక తిప్పి పెడదామన్నాడు, మిమ్మల్ని అడగమన్నాడు. ఇక్కడ ఇంజనీరు నేనా నువ్వా అని ఆయన నోరు మూయించాను."

"మొన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"భయం వేసింది సార్."

పెద్ద ఇంజనీరు కలం పట్టుకుని నన్ను, మేస్త్రీని, మళ్ళీ నన్ను చూశాడు. తర్వాత ఆ కాగితం చింపేసి కొత్తది తీసుకుని నా పేరు రాశాడు. మా కంట్రాక్టరు నన్ను సైటు నుంచి తీసేసి ఏడాదిపాటు ఆఫీసులో డ్రాయింగుల ముందు కూర్చోబెట్టాడు. ఉద్యోగం మాత్రం పోలేదు. బొమ్మిడి పని మేస్త్రీ జట్టుకే వచ్చింది.

జీపు వెళ్ళాక మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. కొలిమి తిత్తి విప్పి సర్దుకుంటున్నాడు, జట్టువాళ్ళు చుట్టూ ఉన్నారు. అటూ ఇటూ తచ్చాడి, "తాతా, ఆ దినం నువ్వెందుకు నాదే అన్నావు?" అని అడిగాను.

ఆయన పని ఆపకుండానే చెప్పాడు. "నీ మొహం చూసినాను. ఇప్పుడు గట్టిగా అడిగితే ఈ పాప అబద్ధం చెప్పేస్తాది, ఒకసారి చెప్పేసినాక మళ్ళీ వెనక్కి రాలేదు అనుకొన్నా. రొంత సేపు నేను పట్టుకొని నిలబడితే తనే తేరుకొని చెప్తాదిలే అని నిలబడినా."

"రొంత సేపంటే?"

"ఒక అర్ధ గంట" అన్నాడు. "జీపు కదిలేలోపల చెప్తావనుకొన్నా. మూడు దినాలు చేసినావు కదే తల్లీ! మా ఇంటిది ఆ మూడు దినాలూ నాకు సరిగ్గా సంగటి కూడా పెట్టలేదు, తెలుసునా?"

జట్టంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే మొహం అటు తిప్పుకున్నాను. మొదటి పరీక్ష రోజు, జీపు కదలకముందు పెద్ద ఇంజనీరుకు టీ గ్లాసు అందించింది నేనే. ఆయన తాగేదాకా పక్కనే నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకున్నదీ నేనే.